కానరాని కుట్టు, కనవలసిన పని

బట్ట కొనువారు రంగు చూతురు, అంచు చూతురు, నేత చిక్కదనమును రెండు వ్రేళ్లనడుమ పట్టి నలిపి చూతురు. కాని ఆ బట్ట రవికగనో, చొక్కాగనో, పసిబిడ్డ ఉన్నిటోపీగనో రూపొంది ఏ అతుకుల బలముచే నిలిచియున్నదో ఆ అతుకులను చూచువారు మిక్కిలి అరుదు. అందుకు వారిని తప్పుపట్టవలసిన పనిలేదు. చూపునకు చిక్కకుండుటయే ఉత్తమమైన కుట్టునకు లక్షణమని కుట్టుపనివారందరును ఎరుగుదురు. రెండు తునకలు ఒకటియై, అవి యొకప్పుడు వేరుగా నుండెనన్న సంగతియే తెలియరాకుండ చేయు ఈ విద్య, నూలు చుట్టునాటినుండి చినిగిన బట్టను బాగుచేయునాటివరకు అడుగడుగున అవసరమగుచున్నది. దాని మర్మమును కొంత తెలిసికొనుటయు, ఆ మర్మమెరిగిన చేతులకు మనమీయవలసిన విలువ యేదో విచారించుటయు ఈ వ్యాసోద్దేశము.

ఈ విచారమునకు తమిళనాట దక్షిణభాగముననున్న కరిసల్ సీమ మిక్కిలి తగిన చోటు. నల్లరేగడి నేలను అచ్చటివారు కరిసల్ అందురు. కోవిల్‌పట్టి, ఎట్టయపురము, ఒట్టపిడారము, సాత్తూరు, విరుదునగరము మున్నగు ఊళ్ల చుట్టును పరచుకొన్న ఆ నేలలో, విజయనగర సామ్రాజ్యకాలమునుండియు తరతరములుగా తెలుగు మాటాడు కుటుంబములు తమిళులతో కలిసి సేద్యము చేయుచు బ్రతుకుచున్నవి. పదునారవ శతాబ్దమున మధుర నాయకరాజ్యమును నెలకొల్పిన విశ్వనాథ నాయకుని నాట దేశము పాళెములుగా విభక్తమైనది. పాంచాలంకురిచ్చి అట్టి పాళెములలో నొకటి. 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తారులో ఆంగ్లేయులచే ఉరితీయబడిన ఆ పాళెపు ఏలిక వీరపాండ్య కట్టబొమ్మన ఇంటిభాష తెలుగే. అతని కోటను ఆంగ్లేయులు నేలమట్టము గావింపగా, 1974లో తమిళనాడు ప్రభుత్వము అచ్చట స్మారకముగా కోటను కట్టించినది. ఆ కోటను చూడబోవు యాత్రికులు సమీపముననే యున్న పుదియంపుత్తూరు అను ఊరిని బహుశః గమనింపకయే పోవుదురు. రెడీమేడ్ దుస్తులకు పేరుపడిన ఆ ఊరి బ్రతుకుతెరువులో కుట్టుమిషనుది పెద్ద పాలు. ఇటు విరుదునగరము జిల్లాలో రాజపాళెమునకు చేరువనున్న తళవాయిపురము స్త్రీలు ధరించు నైటీలు కుట్టుటలో అంతటి ప్రసిద్ధి వహించినది. ప్రత్తి పండు నేల, నూలు వడకు మిల్లు, మగ్గము, కుట్టుమిషను అన్నియు కొద్దిపాటి దూరములో ఒకదానికొకటి అందుచున్న ఇట్టి సీమలో అతుకు అనునది యెన్ని రూపములు దాల్చునో తేటపడ చూడవచ్చును.

ముందుగా ప్రత్తి మాట. కోవిల్‌పట్టిలోని వ్యవసాయ పరిశోధన కేంద్రము 1901లో స్థాపితమైనది; వానమీదనే ఆధారపడిన మెట్టసేద్యమునకు మన దేశమున వెలసిన తొలి పరిశోధనాలయములలో అది యొకటి. ఈశాన్య ఋతుపవనము తెచ్చు వానచినుకులను నల్లరేగడి తనలో దాచుకొని, ఆ చెమ్మతోనే పైరును పండించును. కరుంగణ్ణి అను దేశవాళీ ప్రత్తి ఈ సీమకు అనాదిగా సొంతము. కోవిల్‌పట్టి కేంద్రమునుండి వెలువడిన ప్రత్తి వంగడములు ‘కె’ అను అక్షరముతో మొదలగు పేర్లతో రైతులకు పరిచితములు. కరుంగణ్ణి పింజ పొట్టిది, గరుకైనది, గట్టిది. ముతక నూలునకు అది చక్కగా నొదుగును గాని, సన్నని కుట్టుదారమునకు పొడుగు పింజ కావలయును. పింజ పొడుగైనకొలది దారమునందు పింజల కొసలు తక్కువగును. కొసలు తక్కువైనకొలది దారము నునుపెక్కును. నునుపైన దారమే బట్టలోనికి అలికిడి లేక చొచ్చి అందులో లీనమగును. కావున కానరాని కుట్టు సూదిచేత పట్టుటతో గాక, పొలములో పింజ యెంత పొడుగున పండినదను విషయముతోనే మొదలగుచున్నదని చెప్పవచ్చును.

పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశకములలో హార్వీ సోదరులు తామ్రపర్ణీ జలపాతము చెంత పాపనాశములోను, తూత్తుకుడిలోను, మధురలోను నూలుమిల్లులు నెలకొల్పిరి. వారి మధురా మిల్లులు తరువాతికాలమున, కుట్టుదారమునకు లోకప్రసిద్ధమైన కోట్స్ సంస్థతో కలిసి 1974లో మధురా కోట్స్ అయినవి. ఇప్పుడు మన దర్జీల చేతనున్న దారపుటుండలలో పెక్కు ఆ పరంపరలోనివే. రాజపాళెములో తెలుగురాజుల వంశమునకు చెందిన పి.ఎ.సి. రామసామిరాజా 1936లో రాజపాళెము మిల్లును స్థాపించి ఆ పట్టణమును నూలు పరిశ్రమకు పట్టుగొమ్మగా చేసెను. కోవిల్‌పట్టిలోను మిల్లులు వెలసినవి. ఇట్టి మిల్లులలో ఉండలు చుట్టు విభాగమునకు పోయి నిలిచినచో, మనము వెదకుచున్న అతుకులలో మొట్టమొదటిది కనబడును. కనబడునని చెప్పుటయు సరికాదు; కంటికి కనబడకయే అది ముగియుచున్నది.

కదురునుండి వచ్చిన నూలులో సన్నబారిన చోట్లు, ఉండకట్టిన చోట్లు ఉండక తప్పదు. వాటిని తెంపి తీసివేసి, మిగిలిన రెండు కొసలను మరల కలుపవలెను. పూర్వము ముడివేసెడివారు. ముడి చిన్నదే గాని, అల్లికయంత్రపు సూది కొక్కెములో అది తట్టుకొన్నచో సూది విరుగును, బట్టలో చిల్లి పడును. మగ్గముపై నైనచో పన్నె పండ్లనడుమ చిక్కి పోగు తెగును. రంగువేసిన పిమ్మట ముడియున్న చోట మచ్చవలె తేలును. అందుచేత ముడికి బదులు గాలిచేత అతికించు పద్ధతి వచ్చినది. రెండు కొసలను ఒక చిన్న గదిలో ప్రక్కప్రక్కన నుంచి, వేగముగా వీచు గాలిచే మొదట వాటి పురిని విప్పుదురు. విప్పుటచే పింజలు దువ్వినట్లు విడివడును. ఆ విడివడిన పింజలను ఒకదానిలో నొకటి కలియనిచ్చి మరల గాలిచేతనే పురి ఎక్కింతురు. ఇదంతయు రెప్పపాటులో జరిగిపోవును. అట్లు అతికిన చోటు తక్కిన దారముకంటె ఇసుమంత లావుగా నుండునేగాని, చేతికి తగులునట్టి గడ్డ యేదియు నుండదు; బలము విషయములోను అది మూలపు నూలునకు మిక్కిలి దగ్గరగా వచ్చును.

ఈ పనిని నిదానముగా యోచించినచో, ఇక మీదట చెప్పబోవు అతుకులన్నిటికిని మూలమైన సూత్రము దొరకును. ముడి యనునది పోగుపై పోగును మెలివేసి బలాత్కారముగా బంధించును. గాలి అతుకు నూలు ఏ విధమున పుట్టినదో, అనగా పింజలు కలియుట, పురి ఎక్కుట అను ఏ రెండు క్రియలచే నూలు నూలైనదో, ఆ క్రియలనే ఆ తెగినచోట మరల జరిపించును. వస్తువు తన జన్మక్రమమును అనుసరించి కలిసినచోట గుర్తు మిగులదు. అతుకును దాచుటకు చేయు ఉపాయములన్నియు కొంతదూరమే పని చేయును. వస్త్రనిర్మాణమును ఎరిగి దాని అడుగుజాడలో నడచిన అతుకునకు దాగవలసిన అవసరమే కలుగదు.

మగ్గముకడ ఈ సూత్రమునే నేతగాండ్రు చేతివ్రేళ్లతో పాటింతురు. ఒక పడుగు పూర్తియైనపుడు అచ్చులో మిగిలిన పాత పోగుల కొసలకు క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలుపుటను అచ్చు అతుకుట అందురు. వేలకొలది పోగులను వరుస తప్పక, ముడివేయక, బూడిద నద్దిన వ్రేళ్లతో మెలిపెట్టి అతుకు ఈ పని పెక్కుచోట్ల స్త్రీలది. ఒక్క పోగు దాటినను నేతలో గీత పడును గనుక, గంటల తరబడి చూపు చెదరకుండ కూర్చుండవలసినదే. గద్వాల చీరలో ఈ విద్య మరియొక మెట్టెక్కినది. ఆ చీర ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. స్వభావములో భిన్నములైన ఈ రెండింటిని సూదితో కుట్టరు. అంచుకడ పేకపోగులను ఒకదానితో నొకటి కొక్కెములవలె పెనవేసి నేయుట కుప్పడము అనబడును. కొంగుకడ నూలుపడుగు పోగులను పట్టుపడుగు పోగులతో ఒక్కొక్కటిగా కలుపుదురు. కాంచీపురమున దీనికి సోదరివంటి పద్ధతిని కోర్వై అందురు. మూడు నాడెలు పెట్టి, ఒడలి రంగు వేరుగా, అంచు రంగు వేరుగా నేయుచు, రెండును కలియుచోట పేకలను లంకె వేయు ఆ విద్యకు ప్రసిద్ధి తెచ్చిన నేతగాండ్ర పూర్వులు తెలుగుదేశమునుండి వలసపోయిన దేవాంగులు, సాలెవారు. చీర చినిగినను అంచు విడదని వారి ధీమా. ఎఱ్ఱని అంచు పచ్చని ఒడలితో కలిసిన ఆ రేఖమీద వ్రేలు నడిపి చూచిన, ఎగుడుదిగుడు లేక జారిపోవును.

ఇక సూది మాట. తెలుగు ఇండ్లలో కానరాని కుట్టు అనగానే స్ఫురించునది చీరకు ఫాలు కుట్టుట. దీనిని దగ్గరనుండి పరిశీలింతము. ఫాలుగుడ్డను ముందుగా నీట నానవేసి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయవలెను. లేనియెడల మొదటి ఉతుకుతోనే అది కుదించుకొని చీర అంచునంతయు ముడుతలుపడ లాగును. చీర లోపలివైపున, దిగువ అంచునకు గీటంత లోపలగా ఫాలును పరచి, పెద్దపెద్ద కచ్చాకుట్లతో నిలుపవలెను. దిగువవైపున అంచు దళసరిగా నుండును గనుక అక్కడ కుట్టు సులభముగానే మరుగుపడును. పనితనము తెలియునది పైవైపుననే. సన్నని సూదితో చీరనుండి ఒక్క పోగునే ఎత్తి, వెంటనే ఫాలు మడతలోనికి సూదిని పోనిచ్చి, మడత కడుపులోనే అర అంగుళము మేర నడిపించి బయటికి తీసి, మరల చీరనుండి ఒక్క పోగు ఎత్తవలెను. దారపు నడక యంతయు మడతలోపలనే సాగుచుండును. చీర ముఖముపై పడునది ఒక్క పోగు వెడల్పుగల చుక్క మాత్రమే. ఆ చుక్కయు పేకపోగు వెంబడిని పడినచో నేతలో నొక భాగమేయని కన్ను పొరబడును.

ఇందు మూడు జాగ్రత్తలు కలవు. మొదటిది బిగువు. దారమును బిగలాగినచో కుట్టుకుట్టుకును గుంటపడి, వెలుతురు ప్రక్కనుండి పడినపుడు గుంటల వరుస చుక్కల బారువలె తేలును. కావున నాలుగైదు కుట్లకొకసారి బట్టను రెండు చేతులతో మెల్లగా సాగదీసి దారమును సర్దుకొననీయవలెను. రెండవది రంగు. ఉండగా చుట్టినపుడు దారపు రంగు చిక్కగా కనబడును. ఒంటిపోగుగా బట్టపై పరచినపుడు అదియే లేతబడును. కావున బట్ట రంగుకంటె ఒకింత ముదురుదారము ఎన్నుకొనుట అనుభవజ్ఞుల మతము; ఎన్నిక చేయునపుడు ఉండను బట్టప్రక్కన పెట్టి చూడక, ఒక జానెడు దారము విప్పి బట్టపై పరచి పగటివెలుతురున చూడవలెను. మూడవది ఇస్త్రీ. కుట్టిన మడతపై బరువుగా ఇస్త్రీపెట్టె నడిపినచో మడత అంచు ముఖమువైపున గీతగా ముద్రపడును. మడతను తప్పించి, లోపలివైపునుండి, పెట్టెను ఈడ్వక అద్దియెత్తుచు పోవలెను. సగము కుట్టు సూదిచేతను, సగము కుట్టు ఇస్త్రీచేతను అని దర్జీలు నమ్ముట నిష్కారణము కాదు.

దిండు గలేబులో దూది కూరిన పిమ్మట నోరు మూయవలసి వచ్చినపుడు, రవిక లోపలిగుడ్డను పైగుడ్డతో కలుపవలసి వచ్చినపుడు మరియొక కుట్టు వలయును. రెండు మడతల అంచులను ఎదురెదురుగా నుంచి, ఒక మడతలో కొంత దూరము సూదిని నడిపి, బయటికి వచ్చినచోటికి సరిగా ఎదురుగా రెండవ మడతలోనికి పోనిచ్చి, అందు మరల అంత దూరము నడుపవలెను. దారమును వదులుగా నుంచినంతసేపు అది రెండు మడతలనడుమ నిచ్చెన మెట్లవలె కనబడుచుండును. చివర మెల్లగా లాగినంతనే మెట్లన్నియు మూసుకొని, మడతలు పెదవులవలె కలిసి, దారము లోపల అణగును. సూది ఎదురుగా పోక ఏటవాలుగా పోయినచో మెట్టు వంకరయై, లాగినపుడు బట్ట ప్రక్కకు జరుగును. ఈ ఒక్క లోపముననే నేర్చుకొనువారి పని పాడగుచుండును.

పలుచని వాయిలు, మల్లుబట్టలకు ఫ్రెంచి కుట్టు అనునది ఉచితము. సాధారణముగా బట్టల ముఖములు రెండును లోపలికి వచ్చునట్లు పెట్టి కుట్టుదురు. ఇందు మొదటిసారి ముఖములు బయటికి వచ్చునట్లు పెట్టి అంచుకు దగ్గరగా కుట్టి, మిగిలిన అంచును సన్నగా కత్తిరించి, తిరుగవేసి, ఈసారి ముఖములు లోపలికి వచ్చునట్లు రెండవ కుట్టు వేయుదురు. కత్తిరించిన అంచులు రెండు కుట్లనడుమ బందీలై, పోగు ఊడక, లోపలివైపున నైనను కానరాక, సన్నని గొట్టమువలె అమరును. గళ్లబట్ట కుట్టునపుడు వేరొక శ్రమ కలదు. ఎడమతునకలోని గీత కుడితునకలోని గీతతో సరిగా కలియవలెను. ఇందుకై కత్తిరించునపుడే గీతకు గీత పొదిగించుటవలన కొంత బట్ట వృథాయగును. వ్యయమునకు జంకి ఆ బట్టను మిగుల్చుకొన జూచిన దర్జీ కుట్టు, ఎంత నిపుణమైనదైనను, ఆమడదూరమునుండి కనబడును.

1846లో అమెరికాలో ఎలియాస్ హౌ పొందిన హక్కుపత్రముతో ప్రాబల్యమునకు వచ్చిన జంటదారపు మిషనుకుట్టు ఈ విద్యకు క్రొత్త నియమమును తెచ్చినది. పైదారము, బాబిను దారము బట్ట మందమునకు నడిమధ్యన ఒకదానినొకటి లంకెవేసికొనవలెను. పైదారము బిగువెక్కువైనచో బాబిను దారము పైకి చుక్కలుగా తేలును. తక్కువైనచో పైదారము అడుగున ఉంగరములుగా వ్రేలాడును. రెండు బిగువులు సమానమైనపుడు మాత్రమే లంకె బట్టగర్భమున అణగి, రెండువైపులను ఒకే తీరున నడచును. రెండు తునకలను విప్పి పట్టి మెల్లగా లాగినపుడు నడుమ దారములు పండ్లవలె ఇకిలింపకుండుట మంచి మిషనుకుట్టునకు పరీక్ష.

పుదియంపుత్తూరు, తళవాయిపురమువంటి ఊళ్లలో తయారగు దుస్తులలో ఓవర్‌లాక్ మిషనుది అగ్రతాంబూలము. అది తన కత్తితో అంచును కత్తిరించుచునే మూడు నాలుగు దారములతో ఆ అంచును చుట్టివేయును. వేగము, దృఢత్వము దాని గుణములు; నిత్యము ఉతికి ఆరవేయు నైటీకి అంతకంటె నమ్మకమైన కుట్టు లేదు. లోపలివైపున అది స్పష్టముగా కనబడును, కనబడుట అచ్చట దోషము కాదు. పంట్లాము కాలి అంచునకో, లంగా అంచునకో కానరాని కుట్టు కావలసినపుడు అందులకు వేరే మిషను కలదు. దాని సూది నిటారుగా గాక చంద్రవంకవలె వంగియుండును. మడిచిన బట్టను ఒక చిన్న గుబ్బ పైకి నెట్టగా, ఆ వంకసూది బట్ట మందములోనికి కొంతమేర మాత్రమే దూరి, ముఖమునకు పొడుచుకొని రాక, మరల వెలుపలికి వచ్చును. ఆ గుబ్బ యెత్తును వెంట్రుకవాసి హెచ్చించినచో కుట్టు ముఖమున తేలును, తగ్గించినచో మడత పట్టుకొనదు. ఇంటిలో స్త్రీ ఒక్క పోగునెత్తి చేయు పనిని ఆ యంత్రము నిమిషమునకు వందలకొలది కుట్లుగా చేయుచున్నదన్నమాట. కాని ప్రతి క్రొత్త బట్టకును దానిని సరిచేయు కన్ను మనుష్యునిదే.

అల్లికలో కథ కొంత భిన్నము. నేసిన బట్టకు పడుగు పేకలు రెండు కలవు. అల్లిన బట్టకు ఒకే నూలు ఉచ్చులు ఉచ్చులుగా సాగిపోవుచు బట్టయగును. అది సాగును, ముడుచుకొనును. దానిని కలుపు కుట్టును అంతే సాగవలెను. స్వెట్టరు ముందుభాగమును వెనుకభాగమును కలుపునపుడు రెండు ముక్కలను ముఖములు పైకి వచ్చునట్లు ప్రక్కప్రక్కన పరచి, మొద్దుమొన సూదిలో అదే ఉన్ని ఎక్కించి, అంచు వరుసకును దానిప్రక్క వరుసకును నడుమనున్న అడ్డుపోగును ఇటునుండి ఒకటి, అటునుండి ఒకటి చొప్పున ఎత్తుచు పోవుదురు. రెండు అంగుళముల మేర పోయిన పిమ్మట దారమును మెల్లగా లాగినచో అంచు వరుసలు రెండును వెనుకకు తిరిగి, వాటి ప్రక్క వరుసలు చెంతచెంత చేరి, అచ్చట అల్లిక నిలువున అఖండముగా సాగినట్లే తోచును. వరుసకు వరుస లెక్క తప్పరాదు. ఒక్క అడ్డుపోగు దాటినను చివర ఒక ముక్క పొడుగై నిలుచును.

మేజోడు బొటనవ్రేలికడ ఇదియు చాలదు. అచ్చట కుట్టు ఏమాత్రము గడ్డకట్టినను నడచువాని వ్రేలు ఒరసి పుండుపడును. అందుచేత ఉచ్చులను ముగింపక రెండు అల్లుసూదులమీద సజీవముగా నుంచి, మూడవదైన కుట్టుసూదితో వాటినడుమ ఒక క్రొత్త వరుసను చేతితోనే నిర్మింతురు. కుట్టుసూది ముందరి ఉచ్చులోనుండి పోయి, వెనుక ఉచ్చులోనుండి వచ్చి, అల్లిక సహజముగా ఏ దారిన నడచునో ఆ దారినే వంకలు తిరుగుచు పోవును; పూర్తియైన పిమ్మట అది కుట్టు కాదు, అల్లిక. ఈ పద్ధతికి పాశ్చాత్యులు కిచెనర్ పేరు పెట్టిరి. 1902 నుండి 1909 వరకు భారతసేనాపతిగా నుండిన ఆ కిచెనరే మొదటి ప్రపంచయుద్ధమున సైనికుల పాదములు ఒరసిపోవుట చూచి దీనిని ప్రచారము చేయించెనని ఒక జనశ్రుతి కలదు. మిల్లులో గాలిచేత నూలు కలిసినట్లే ఇచ్చట ఉచ్చుచేత అల్లిక కలిసినది, సూత్రమొక్కటే. 1995లో జపానులోని షిమా సైకి సంస్థ స్వెట్టరునంతయు ఒకే ముక్కగా, ఎక్కడను అతుకులేక అల్లు యంత్రమును లోకమునకు చూపినది. అయినను ఇంటిలో అల్లినవానికి, చేతిపని కుటీరములకు కుట్టుసూది ఇంకను తప్పనిసరియే.

దారపు లేసునకును ఇదే ధర్మము. తిరునెల్వేలి సీమలోని ఇడైయంగుడిలో, ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును 1856లో ప్రకటించిన కాల్డ్వెల్ భార్య ఎలిజా అచ్చటి బాలికలకు లేసు నేర్పినది. గోదావరీతీరమున నరసాపురము ప్రాంతమునను మిషనరీలే క్రోషాలేసును వ్యాపింపజేసిరి. ఆ నరసాపురపు లేసు 2024లో భౌగోళిక గుర్తింపు పొందినది. అక్కడ పువ్వులను, ముక్కలను అల్లువారు ఒకరు; వాటిని చేర్చి బల్లగుడ్డగనో, దుప్పటిగనో రూపొందించు అతుకుపని చేయువారు మరియొకరు. ఒక పువ్వు రెక్కకొసను ప్రక్కపువ్వు రెక్కకొసతో కలుపునపుడు దారము అల్లిక ఉచ్చులోనే మరుగుపడవలెను. ఒకచోట బిగించి ఒకచోట వదలినచో బల్లపై పరచినపుడు గుడ్డ నాలుగుమూలల సరిగా కూర్చుండదు. ఇట్లు వందలాది ముక్కల తప్పొప్పులన్నియు అతుకుపనియందే సర్దుబాటు కావలసియున్నవి.

ఈ లేసుపని చేయు స్త్రీల జీవనమును అధ్యయనము చేసిన మరియా మీస్ 1982లో నరసాపురపు లేసుపనివారిపై ప్రకటించిన గ్రంథము లోకమునకు ఒక కఠోరసత్యమును తెలిపినది. దినమంతయు చేతిలో సూది వదలక దూరదేశములకు సరుకు పంపు స్త్రీలను ఇంటి ఇల్లాండ్రుగనే లెక్కించి, వారి శ్రమను తీరికవేళల కాలక్షేపముగా భావించుటచేత, కూలి మిక్కిలి తక్కువగా నిర్ణయింపబడుచుండెను. అతుకు కనబడదు గనుక పనియు లేదని భావించుట, పని కనబడదు గనుక కూలియు తక్కువని భావించుట, ఇవి రెండును ఒకే భ్రాంతి కొమ్మలు. ఎంత నేర్పుతో కుట్టిన అంతగా కుట్టు మరుగగును. ఎంత మరుగైన అంతగా కుట్టినవారి పేరును మరుగగును. నేర్పునకు ప్రతిఫలము తగ్గు విపరీతధర్మము ఇంత స్పష్టముగా కనబడు వృత్తి మరియొకటి నాకు తోచుటలేదు.

చినిగినబట్టను రఫూ చేయువారి విషయమును ఇట్టిదే. హైదరాబాదు పాతబస్తీ వీథులలో నేటికిని రఫూగరులు కలరు. సిగరెట్టు నిప్పుపడి కోటునకు చిల్లిపడినచో, ఆ కోటు లోపలి మడతనుండియే కొన్ని పోగులు పీకి, చిల్లి చుట్టును పడుగువరుసలు పోసి, నేత ఒంటిపోగుదో ఏటవాలు గీతలదో కనిపెట్టి, ఆ క్రమములో పేకపోగులు పైకి క్రిందికి దూర్చుచు మరల మగ్గము పనినే వ్రేలిమీద చేయుదురు. వేరొక దారము వాడినచో రంగు కలిసినను మెరపు కలియదు. పని పూర్తియైన పిమ్మట కోటు తెచ్చినవాడు చిల్లి యెక్కడనుండెనో కనిపెట్టలేక, ఇంతటి చిన్నపనికి ఇంత అడుగుదువా యని బేరమాడుచుండును. చిల్లి కనబడకపోవుటయే ఆ పని పెద్దదగుటకు సాక్ష్యమని అతనికి తోచదు.

విరుదునగరము జిల్లాలో కేంద్రప్రభుత్వము పెద్ద వస్త్రోద్యానమును సంకల్పించిన ఈ కాలమున, ప్రత్తినుండి దుస్తువరకు అన్ని పనులును ఒకేచోట జరుగు ఏర్పాటులు పెరుగుచుండును. అట్టియెడ నేర్పుగల కుట్టు పనివారికి శిక్షణయు, గంటకు లేక ముక్కకు కట్టు కూలిలో నేర్పునకు ప్రత్యేకముగా విలువయు ఉండవలెను. వేగముగా కుట్టు ఓవర్‌లాక్ పనికిని, ఒక్క పోగు చొప్పున ఎత్తి చేయు చేతిపనికిని ఒకే గజముబద్ద పెట్టి కొలుచుట న్యాయము కాదు. కుట్టుపని నేర్పు కేంద్రములలో రవిక కత్తిరింపులతోపాటు ఈ చేతికుట్లను, అల్లిక కలుపులను, రఫూను సైతము పాఠ్యముగా నేర్పినచో, మిషను పట్టలేని సూక్ష్మమైన పనికి చేయి సిద్ధముగా నుండును.

కొనువారముగా మనకును ఒక విధి కలదు. దుస్తును కొనునపుడు లోపలిభాగమును తిరుగవేసి చూడుడు. భుజముకడ, చంకకడ, ప్రక్కకుట్టుకడ మెల్లగా లాగి, దారము ఇకిలించుచున్నదో లేదో పరీక్షింపుడు. గళ్లచొక్కాలో గీతకు గీత కలిసినదో, అంచు మడత ముఖముపైన గుంటలు లేక సాగినదో, కత్తిరింపు అంచులు విడక భద్రముగా నున్నవో గమనింపుడు. ఫాలు కుట్టి యిచ్చినామె పనిని వెలుతురునకు ఎత్తి చూచి, చుక్క కనబడనిచో, ఆ కనబడకుండుటకే ఆమె అడిగిన సొమ్ము తగ్గింపక చెల్లింపుడు. వస్త్రమును నిలిపియుంచు బలమంతయు ఆ కానరాని చోటుననే యున్నది. ఆ సంగతి తెలిసినవారు బేరమాడుటకు ముందు లోపలివైపును చూతురు, చూచిన పిమ్మట బేరమాడరు.